సీఈసీ చదివి మద్రాస్ ఐఐటీ డేటా సైన్స్ క్వాలిఫయర్‌కు తయారయ్యే పద్ధతి

మాది నరసరావుపేట. నాన్నకి కిరాణా కొట్టు ఉంది. ఇంటర్‌లో సీఈసీ తెలుగు మీడియం చదివి బీకాంలో చేరాను. రెండో ఏడాదిలో ఉండగా మద్రాస్ ఐఐటీ వాళ్ల డేటా సైన్స్ బీఎస్ డిగ్రీ గురించి విన్నాను. ఇప్పుడు అందులో డిప్లొమా స్థాయిలో మెషీన్ లెర్నింగ్ (డేటా చూపించి కంప్యూటర్‌కి నేర్పించడం) చదువుతున్నాను. దాని ప్రవేశ పరీక్ష క్వాలిఫయర్‌కు ఎలా తయారవ్వాలని మా కాలేజీ చెల్లెళ్లు కలిసినప్పుడల్లా అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు భయం తీరాలి. ఇంటర్ పాసై, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. జేఈఈ అవసరం లేదు, వయసు పట్టింపు లేదు. 2020లో మొదలైన ఈ కోర్సులో పాఠాలు ఆన్‌లైన్‌లోనే, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో ఒప్పుకుంది కాబట్టి ఉన్న డిగ్రీ మానక్కర్లేదు. కోర్సు ఫీజులో కుటుంబ ఆదాయాన్ని, కేటగిరీని బట్టి రాయితీ ఉంది. సచివాలయానికి వెళ్లి ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తెచ్చుకోండి. నేను ఆఖరి వారం దాకా ఆగి చాలా టెన్షన్ పడ్డాను.

అప్లికేషన్ పెట్టాక నాలుగు వారాల పాఠాలు వస్తాయి: ఇంగ్లిష్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్. ప్రతి వారం అసైన్‌మెంట్లు ఉంటాయి. వాటిలో కనీస మార్కులు వస్తేనే క్వాలిఫయర్ పరీక్షకు పంపుతారు, కాబట్టి ఒక్క వారం కూడా వదలొద్దు.

మ్యాథ్స్‌కి మన పాత పదో తరగతి పుస్తకం తీయండి. సమితులు, బహుపదులు, వర్గ సమీకరణాలు, నిరూపక జ్యామితి. క్వాలిఫయర్ పాఠాల్లో ఎక్కువ భాగం వీటి మీదే నడుస్తుంది. నాకు అడ్డుపడింది లెక్క కాదు, మాట. ఒక నోటుబుక్కులో పట్టీ రాసుకున్నాను: స్లోప్ అంటే వాలు, డొమైన్ అంటే ప్రదేశం, రేంజ్ అంటే వ్యాప్తి, మీడియన్ అంటే మధ్యగతం, మోడ్ అంటే బాహుళకం. రెండో వారానికి పాఠం వింటుంటే తెలుగులోనే అర్థమవడం మొదలైంది. స్టాటిస్టిక్స్ కామర్స్ వాళ్లకి కొత్తేమీ కాదు.

అసలు కష్టం కంప్యుటేషనల్ థింకింగ్. మార్కుల కార్డులు, షాపు బిల్లులు, మాటలు రాసిన కార్డులు చూపించి, వాటిని ఒక్కొక్కటిగా తీసి లెక్కపెట్టే పద్ధతిని సూడోకోడ్‌గా, అంటే కంప్యూటర్ చేయాల్సిన పనిని మామూలు మాటల్లో ఒక్కో మెట్టుగా రాస్తారు. మొదటి వారం స్క్రీన్ మీద చూస్తే నాకు ఏమీ ఎక్కలేదు. అప్పుడు నాన్న కొట్లోంచి 20 బిల్లులు తెచ్చి నేల మీద కట్టగా పెట్టాను.

ఇలా చేయండి. వంద రూపాయలు దాటిన బిల్లులెన్నో తెలుసుకోవాలి. ఒక చీటీ మీద కౌంట్ అని రాసి, పక్కన సున్నా వేయండి. పై బిల్లు తీయండి. వంద దాటితే చీటీ మీది అంకె కొట్టేసి, దానికి ఒకటి కలిపి వేయండి. దాటినా దాటకపోయినా ఆ బిల్లుని రెండో కట్టలోకి మార్చండి. మొదటి కట్ట ఖాళీ అయ్యేదాకా ఇదే పని. బిల్లుని రెండో కట్టలోకి మార్చడం మరిచిపోతే ఏమవుతుందో కావాలని చేసి చూడండి: అదే బిల్లు మళ్లీ మళ్లీ చేతికొస్తుంది, లెక్క ఎప్పటికీ ఆగదు. ఇలాంటి తప్పు ఉన్న సూడోకోడ్ ఇచ్చి, పొరపాటు ఎక్కడుందో పట్టుకోమని అడుగుతారు. చేత్తో చేసినవాళ్లకి అది వెంటనే కనబడుతుంది.

తర్వాత ఒకే మనిషికి రెండు బిల్లులున్నాయేమో వెతకండి. ఒక బిల్లు చేతిలో పట్టుకుని మిగిలినవన్నీ దానితో పోల్చాలి. మూడో కట్ట ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది. ఇది నాకు మూడు రాత్రులు పట్టింది. మెషీన్ లెర్నింగ్ దాకా వచ్చాక కూడా లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) రాసేటప్పుడు నాకు ఆ కట్టలే గుర్తొస్తాయి.

పరీక్ష నాలుగు గంటలు, నాలుగు సబ్జెక్టులూ ఒకే విడతలో. నాకు విజయవాడ సెంటర్ పడింది, తెల్లవారుజామున బస్సెక్కాను. సూడోకోడ్ ప్రశ్నలు చదవడానికే బోలెడు సమయం పడుతుంది, అలసిపోయాక ముట్టుకోవద్దు. నేను వాటితోనే మొదలుపెట్టి, ఇంగ్లిష్ చివరికి ఉంచుకున్నాను.

పాసైతే ముందు ఫౌండేషన్‌లో 8 కోర్సులు, ఆ పైన డిప్లొమా, బీఎస్సీ, బీఎస్. ఇంట్లో పరిస్థితి బాగోక మధ్యలో ఆగాల్సి వచ్చినా, పూర్తిచేసిన స్థాయికి సర్టిఫికెట్ చేతికొస్తుంది.

అప్లికేషన్ కన్నా ముందే, ఈ సాయంత్రం మీ వీధి కొట్టాయన దగ్గర ఒక 20 పాత బిల్లులు అడగండి.