ఎర్ర గీత రాని తప్పు: ఒకేలా కనిపించే ఇంగ్లీషు మాటలు

సమస్య: దరఖాస్తులో కంప్యూటర్ ఎక్కడా ఎర్ర గీత గీయలేదు, అయినా చదివిన అధికారికి మీరు చెప్పదలచినది కాక వేరే అర్థం తోస్తోంది.

నల్లగొండలో సోమవారం ప్రజావాణికి వెళ్ళే విన్నపాలను, ఉద్యోగ దరఖాస్తులను ఏళ్ళ తరబడి దిద్దుతున్నాను. వాటిలో నాకు ఎక్కువగా కనిపించేవి వ్యాకరణ దోషాలు కావు. ఒక మాట ఉండవలసిన చోట దాని పోలికతో ఉన్న మరో మాట వచ్చి కూర్చోవడం.

ముందుగా చూడవలసినది, దాదాపు ఎవరూ చూడనిది: అనుమానమున్న మాటకు బదులు దాని తెలుగు అర్థం పెట్టి వాక్యం మొత్తం చదవండి. మిర్యాలగూడ యువకుడొకరు ‘ఐ యామ్ లీవింగ్ ఇన్ మిర్యాలగూడ’ అని రాసుకొచ్చారు. నివసించడానికి కావలసినది ‘లివింగ్’. ఆయన రాసినది విడిచి వెళ్ళడం. వడకూ వాడకూ తేడా మనకెవరూ నేర్పనక్కరలేదు, కానీ ఇంగ్లీషు అక్షరాలలో హ్రస్వదీర్ఘాలు అంత సూటిగా కనిపించవు కాబట్టి చేయి తప్పుతుంది.

అసలు కారణం: ఎర్ర గీత చెప్పేది ఆ మాట తన జాబితాలో ఉందా లేదా అన్నది మాత్రమే. కొత్త సాఫ్ట్‌వేర్లు వాక్యాన్ని బట్టి నీలి గీత గీస్తున్నా, ప్రతిసారీ పట్టుకోవు. దానికి తోడు, తెలుగులో స్థిరపడిపోయిన ఉచ్చారణ మనల్ని లోపలి నుంచి తప్పుదారి పట్టిస్తుంది. వదులుగా ఉన్న చొక్కాను ‘లూజు’ అంటాము, విడిగా అమ్మే నూనెను ‘లూజు నూనె’ అంటాము. ఇంగ్లీషులో ఆ మాటకు రెండు ఓలు, చివర పలికేది సకారం: ‘లూస్’. మనం పలికే ‘లూజ్’ నిజానికి ఒకే ఓ ఉన్న మరో మాటది. దాని అర్థం పోగొట్టుకోవడం. ధ్వని ఒకదానిది, అర్థం మరొకదానిది అయి మన నోట స్థిరపడినందువల్ల, నష్టపోతామని రాయబోయినప్పుడు చేయి తనంతట తానే రెండు ఓలు వేస్తుంది.

తడిసిన ధాన్యానికి పరిహారం కోరుతూ తిప్పర్తి రైతు ఒకరి కోసం నేను రాసిన విన్నపంలోనే ఈ తప్పు దొర్లింది. కార్యాలయంలో ఆ మాట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి కాగితం తిప్పి పంపారు. ఆ రైతు మరోసారి బస్సెక్కి రావలసి వచ్చింది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

పరిష్కారం: నష్టానికి ‘లాస్’, పోగొట్టుకున్న దానికి ‘లాస్ట్’ అని రాసి చూడండి. రెండింటిలోనూ ఓ ఒక్కటే. వాటి క్రియలోనూ ఒక్కటే.

ఇదే స-జ తేడా ‘అడ్వైస్’, ‘అడ్వైజ్’ల మధ్య మనకు మేలు చేస్తుంది. సలహా అయితే సీ, సలహా ఇవ్వడమైతే ఎస్. ‘ప్రాక్టీస్’కు ధ్వనిలో తేడా లేదు గాని, మనం పాటించే బ్రిటిష్ పద్ధతిలో అదే సూత్రం వర్తిస్తుంది.

‘సైట్’ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘కళ్ళకు సైట్ వచ్చింది’ అంటే మన దగ్గర చూపు మందగించిందని అర్థం. ఇంగ్లీషులో ఆ మాటకు చూపు అనే అర్థం. దానిని యథాతథంగా సెలవు చీటీలో రాస్తే చూపు వచ్చిందని చెప్పినట్లవుతుంది. ఇంటి స్థలానికి రాసే ‘సైట్’ స్పెల్లింగ్ వేరు. అందులో జీ, హెచ్ ఉండవు.

‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ రెండింటినీ మనం ఎఫెక్ట్ అనే పలుకుతాము. మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీరు ఎముకలను దెబ్బతీసింది అన్నప్పుడు అది క్రియ కాబట్టి ఏతో మొదలుపెట్టాలి. ఆ నీటి ప్రభావం పళ్ళ మీద కనిపించింది అన్నప్పుడు ఈతో. ‘ప్రభావం’ అనే మాట అక్కడ అతికితే ఈ అనుకోండి. ఈతో మొదలయ్యేది క్రియగా వాడే సందర్భాలూ ఉన్నాయి గాని విన్నపాలలో వాటి అవసరం రాదు.

పాల ‘డెయిరీ’లో ఏ ముందు, ఐ తరువాత, రాసుకునే ‘డైరీ’లో ఐ ముందు. కాగితాలమ్మే ‘స్టేషనరీ’లో చివర ఈ-ఆర్-వై, కదలక నిలిచి ఉన్న దానికైతే ఏ-ఆర్-వై. ‘ఫ్రమ్’కు బదులు ‘ఫారమ్’ పడడం కేవలం వేళ్ళ తొందర. అచ్చు తీసిన కాగితాన్ని చివరి మాట నుంచి వెనక్కు చదివితే దొరుకుతుంది.