కార్టూన్ కామెడీ రాయడం నేర్చుకుందాం, 4వ పాఠం: నడి సీరీస్‌లో పని మార్చేది ఎట్ల?

పోయిన పాఠంలో అనంతపురం టవర్ క్లాక్ కాడ ఓబులక్క ఉగ్గాని బండి కథకు పది ఎపిసోడ్లు రాయమన్యా కదా, చానామందికి ఏడో దానికే సరుకు అయిపోయింటాది, భయపడొద్దండప్పా, ఏ సీరీస్‌కైనా ఆ రోజు వస్తాది.

అమెరికాలో ఆర్చర్ అని పెద్దోళ్ల కార్టూన్ ఉంది, పిల్లలతో కలిసి చూడొద్దు. నాలుగు సీజన్లు ఆర్చర్ అనే గూఢచారి, వాళ్లమ్మ మాలరీ నడిపే గూఢచారి ఏజెన్సీ కథ. 2014లో వచ్చిన ఐదో సీజన్‌లో మొదటి ఎపిసోడ్‌కే ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి పడతారు, అసలు ఆ ఏజెన్సీకి గవర్నమెంట్ పర్మిషనే లేదని తేల్తాది, ఆఫీసు మూతపడి అందరూ దగ్గరున్న టన్ను కొకైన్ అమ్ముకునేదానికి బయల్దేరతారు. బాగా నడుస్తాండే కథను ఇట్ల కొత్త దావలో పెట్టడానికి రాసిన ఆడమ్ రీడ్‌కు ఎంత గుండె ఉండాలో! అయినా తల్లి మాలరీ కొడుకును దెప్పడం ఆపదు, ఆర్చర్‌కు తోటి గూఢచారి లానాతో గొడవ ఆగదు. నా నోట్సులో పెద్దక్షరాలతో రాసుకున్యా: పని మార్చు, జగడం మార్చొద్దు.

2017 నుంచి మూడు సీజన్లు ఆర్చర్ కోమాలో కనే కలలే, 1947 లాస్ ఏంజిలిస్, 1939 నాటి దీవి, ఆఖరికి అంతరిక్షం. నాకైతే అవి సాగదీసినట్టే అనిపించినాయి, ఎందుకంటే కలలో తిట్టుకున్యా, కొట్టుకున్యా లేచినాక అది ఎవరికీ గుర్తుండదు, జగడం మీద జగడం పేరుకోదు.

పని ఉంచి జగడం మారిస్తే ఏమైతాదో చూడాలంటే ఉదాహరణ టామ్ అండ్ జెర్రీ. 1940లో మొదలైన జంట, 1975లో టీవీకి కొత్తగా తీసినప్పుడు పిల్లల ప్రోగ్రాంలో కొట్లాటలు ఉండకూడదని ఇద్దర్నీ దోస్తుల్ని చేసినారు, జెర్రీ మెడకు ఎర్ర బో కట్టినారు. బొమ్మలు అవే, పేర్లు అవే, తరుముకోవడం లేదు. ఇంగ నవ్వు యాడినుంచి వస్తాది?

ఇప్పుడు మన కథ. కాలువ పని వచ్చి బండి తీసేసినారు, ఓబులక్క పెళ్లిళ్లకు వంట ఒప్పుకునింది. మరి రోజూ రెండు రూపాయలు తక్కువిచ్చే రిటైర్డ్ కండక్టర్ చెన్నప్ప ఏం కావాల? పెళ్లిలో తిండికి డబ్బులే అడగరు కదా, జగడం తెగిపోతాది అనుకుంటారు. చూడండి.

"ఏమన్నా, ఈడికీ వచ్చినావా?"

"పెండ్లికొడుకు మావాడే లేమ్మా."

"పేరేమి?"

చెన్నప్ప మెల్లగా మెడ తిప్పి గేటు కాడ ఫ్లెక్సీ చదవబోతాడు. ఓబులక్క పళ్లెం మీద గరిటె అడ్డం పెడ్తాది, ఇంగో చెయ్యి చాస్తాది.

"పాత బాకీ."

పని మారినందుకే ఆ రెండు రూపాయలకు కొత్త బలం వచ్చింది.

ఒక జాగ్రత్త. బండి ఎందుకు పోయిందో ఎవరితోనూ చెప్పించొద్దు, రోడ్డు పక్కన నూనె కారి నల్లబడిన నేల, చక్రాలకు పెట్టిన నాలుగు ఇటుకలు చూపిస్తే చాలు. వచ్చే వారానికి పదకొండో ఎపిసోడ్ మొదటి పేజీ రాయండి, ఆ ఇటుకల కాన్నుంచి మొదలుపెట్టి చెన్నప్ప పొద్దున్నే అలవాటుగా వచ్చి అక్కడ నిలబడేంతవరకు, మాటల్లేకుండా.