మిరపకోతలకు వచ్చే కుటుంబాలను ఊరు కలుపుకోవాలంటే

జనవరి నుంచి పల్నాడు, గుంటూరు పల్లెల్లో మిరపకోతలు జోరందుకుంటాయి. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో లారీల్లో దిగుతాయి. ఊరివాళ్లకూ వాళ్లకూ తగాదా ఎక్కువగా వచ్చేది కూలి దగ్గర, నీళ్ల దగ్గర. ఈ రెండూ లారీ రాకముందే తేలాలి.

డిసెంబరులోనే గ్రామ సచివాలయంలో సర్పంచి, రైతులు, ఊరి కూలి ముఠా ఆడవాళ్లు, ఊరి నర్సు (ఏఎన్‌ఎం), హెడ్‌మాస్టరు కూర్చోండి. ఆ కుటుంబాలను పనికి తీసుకొచ్చే బయటి మేస్త్రిని ఫోన్లో కలపండి. చౌకగా వచ్చేవాళ్లుంటే తమను పనికి పిలవరని ఊరి కూలీలు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. కాబట్టి ఇద్దరికీ ఒకటే రేటు కట్టండి.

కిలో లెక్కన ఇస్తే సీజనంతా ఒకే రేటు కుదరదు. మొదటి కోతలో కాయ నిండుగా, బరువుగా ఉంటుంది. చివరికొచ్చేసరికి కాయ పలచబడి, చెట్టు మీదే ఎండి, అదే బరువుకు రెండింతలు తిరగాలి. ప్రతి కోతకూ ముందే రేటు మాట్లాడుకోండి, ఆఖరి కోతకు రోజుకూలి మేలు. కాటా కోసినవాళ్ల ముందే పెట్టండి. ఖాళీ గోతం తూచి, ఆ బరువు తీసేసి, రైతు పుస్తకంలోనూ కుటుంబం దగ్గరున్న చిన్న పుస్తకంలోనూ రాయండి. డబ్బు మొత్తం చివర్లో మేస్త్రి చేతికిస్తే, అడ్వాన్సు పోగా తమకెంత రావాలో ఆ కుటుంబానికే తెలియదు. వారం వారం కుటుంబానికే ఇవ్వండి, మేస్త్రి కమీషను విడిగా చూసుకోండి.

నీళ్లు మనిషికి రోజుకు 55 లీటర్లు వేసుకోండి. నలభై మందికి 2,200 లీటర్లు. ఇందులో కోత పెట్టొద్దు. చేతులకంటిన మిరప మంట కడుక్కోకపోతే తల్లి చంటిబిడ్డను ఎత్తుకోలేదు. ట్యాంకు గుడారాల దగ్గరే పెట్టండి, లేకపోతే ఊరి కుళాయి దగ్గర వరసలో మాటా మాటా పెరుగుతుంది. గుడారాలు కరెంటు తీగల కింద వద్దు. ఆడవాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి, దాని దగ్గర లైటు తప్పనిసరి.

రేషన్ కార్డు ఇక్కడి డిపోలోనూ చెల్లుతుంది. ఇంటి దగ్గర మిగిలిన పెద్దవాళ్లు ఆ నెల బియ్యం మొత్తం తీసేసుకుంటే ఇక్కడ ఏమీ రాదు, ముందే ఫోన్ చేసుకోమనండి. టీసీ లేదని బడిలో పిల్లల్ని ఆపకూడదు, 2009 విద్యాహక్కు చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. గర్భిణుల, చంటిపిల్లల పేర్లు దిగిన వారంలోనే అంగన్‌వాడీలో, ఏఎన్‌ఎం దగ్గర రాయించండి.

శివరాత్రి ఈ సీజన్లోనే వస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరి ప్రభ (అలంకరించి తీసుకెళ్లే ఎత్తైన కట్టడం) కడుతుంటే వాళ్లను చందా అడక్కండి, మనుషులుగా పిలవండి. కబురు మేస్త్రితో కాదు, గుడారాల్లో ఆడవాళ్లకు నేరుగా చెప్పండి.

తిరిగి వెళ్లే ముందురోజే లెక్కలు ముగించండి. పిల్లలు ఇక్కడ ఎన్ని రోజులు బడికొచ్చారో హెడ్‌మాస్టరుతో రాయించి ఇవ్వండి, సొంతూరి బడిలో చూపించుకుంటారు. టీకాల కార్డులో ఇక్కడ వేసినవి ఎక్కాయో లేదో చూడండి.