మేస్త్రికి అడ్వాన్స్ ఇచ్చే ముందు

శ్రీకాకుళంలో స్లాబు లీకేజీ, పెచ్చులూడిన సీలింగు లాంటి పనులు చాలావరకు నోటిమాట మీదే ఒప్పుకుంటారు, గొడవలు అక్కడే మొదలవుతాయి.

చెప్పిన రేటు కూలి ఒక్కటేనా, మెటీరియల్‌తో కలిపా? పరంజా, చెత్త ఎత్తే ట్రాక్టరు కిరాయి ఎవరివి? ముందే తేల్చి వాట్సాప్‌లో పెట్టించండి.

సిమెంటు, వాటర్‌ప్రూఫింగ్ డబ్బాలు మీరే కొనిస్తే పెద్ద అడ్వాన్స్ అడగడానికి వాళ్లకి సాకుండదు. బస్తా మీద తయారైన వారం, ఏడాది ఉంటాయి, మూడు నెలలు దాటిన సిమెంటు వద్దు.

పాత ప్లాస్టరింగు కొట్టాక లోపల చువ్వలు తుప్పు పట్టి కనిపిస్తే అదనపు పని అంటారు. అది నిజమే కావచ్చు, కానీ దానికి రేటు ఒప్పుకున్నాకే ముట్టుకోమనండి.

డబ్బు అయిన పనిని బట్టే. చివరి 20 శాతం మాత్రం స్లాబు మీద గట్టు కట్టి నీళ్లు నింపి, రెండు రోజులుంచి, కింద చెమ్మ రాలేదని చూశాకే ఇవ్వండి, ఎంత మొహమాటమైనా సరే.

సంక్రాంతి ముందు "మొత్తం ఇచ్చేయండి బాబూ, పండగయ్యాక వచ్చి చేసేస్తాం" అంటారు. అయిన పనికి లెక్క కట్టి ఇవ్వండి, పండగ ఖర్చుకి కావాలంటే విడిగా ఓ వెయ్యి ఇవ్వండి, అంతే.