ఇంట్లో పాత థంకా ఉంటే తడిగుడ్డ దాని దగ్గరికి రానివ్వకండి

మా మామగారు గ్యాంగ్‌టక్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో అక్కడి ఒక కుటుంబం దగ్గర తీసుకున్న పచ్చతార (ఒక బౌద్ధ దేవత) థంకా మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక హాల్లో పెట్టుకుందామని ఫ్రేములు కట్టే షాపుకి ఇచ్చాం. చుట్టూ ఉన్న పట్టు అంచు మాసిపోయిందని వాళ్లు కత్తిరించేసి, బొమ్మని ప్లైవుడ్ చెక్కకి జిగురుతో అంటించి, బంగారు రంగు ఫ్రేము బిగించి ఇచ్చారు. వెనక వైపు ఏముందో మేం ఒక్క ఫొటో కూడా తీసుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు, అందుకే ఇది రాస్తున్నా.

థంకా అంటే టిబెట్, నేపాల్, సిక్కిం, లడాఖ్ బౌద్ధులు పూజలోనూ ధ్యానంలోనూ పెట్టుకునే గుడ్డ పటం. నూలుగుడ్డని చట్రానికి లాగి కట్టి, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురులో సుద్ద కలిపి పూసి, నున్నటి రాయితోనో శంఖంతోనో రుద్ది రుద్ది నునుపు తేలుస్తారు. రంగులు కలిపేదీ అలాంటి జిగురులోనే: నీలానికి అజురైట్, ఆకుపచ్చకి మాలకైట్, ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం. మన చేర్యాల నకాషీలు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన గుడ్డ మీద బొమ్మలు వేస్తారు కదా, ఇంచుమించు అలాంటి పనే. ఆ చర్మపు జిగురుకి నీళ్లు తగిలాయా, రంగు ఊడి తుడిచే గుడ్డకి వచ్చేస్తుంది. తడిగుడ్డ, కొబ్బరినూనె, బ్రెడ్ ముక్కతో రుద్దడం, ఇస్త్రీ, లామినేషన్, ఇవేవీ వద్దు. దుమ్ము ఉంటే, రంగు ఎక్కడా పొరలు లేవట్లేదని చూసుకున్నాకే, మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన తాకీ తాకనట్టు దులపండి. రంగు లేస్తుంటే అదీ వద్దు.

ముందుగా చేయాల్సింది ఫొటోలు తీయడం. బల్ల మీద శుభ్రమైన దుప్పటి పరిచి పటాన్ని బోర్లా కాకుండా పెట్టి, కిటికీ పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా తీస్తే పగుళ్లు, లేచిన రంగు అన్నీ కనిపిస్తాయి. తర్వాత ఇంకొకరి సాయంతో పటం పై అంచుకుండే కర్ర పట్టి నిలబెట్టి వెనక చూడండి. చాలా పాత థంకాలకి బొమ్మలోని మూర్తి నుదురు, గొంతు, గుండె ఉన్నచోట సరిగ్గా వెనక వైపు ఓం, ఆః, హూం అనే మూడు అక్షరాలు రాసి ఉంటాయి. ప్రాణప్రతిష్ఠ చేసినదానికి గుర్తు అది. ఒక్కోసారి స్తూపం బొమ్మో, లామా అరచేతి ముద్రో కూడా ఉంటుంది. మేం పోగొట్టుకున్నది ఇదే.

ఎవరి మూర్తో తెలుసుకోవడం అంత కష్టం కాదు. కుడికాలు కిందికి చాపి, చేతిలో నీలికలువ పట్టుకుని, ఒళ్లు ఆకుపచ్చగా ఉంటే పచ్చతార. అరచేతుల్లో, అరికాళ్లలో, నుదుటి మీద కూడా కళ్లుంటే తెల్లతార. నాలుగు ముఖాలు, ఇరవైనాలుగు చేతులతో ముదురు నీలంగా ఉంటే కాలచక్ర అనే దేవత. ఆ దేవత పేరిటి కాలచక్ర బోధని బుద్ధుడు మన ధాన్యకటకంలోనే, అంటే అమరావతి దగ్గరే, చేశాడని టిబెటన్ల నమ్మకం, 2006లో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్షా కార్యక్రమం జరిపింది అందుకే.

నిజంగా పాతదేనా అన్నది భూతద్దంతో మొదలుపెట్టండి. సన్నటి చుక్కలు వరుసగా కనిపిస్తే అది ప్రింటు. చుట్టి విప్పి చుట్టి విప్పి వాడినదానికి అడ్డంగా పగుళ్లు ఉంటాయి, వెన్నదీపాల మసి ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా పట్టి ఉంటుంది. బొమ్మ, అంచు, కుట్టుదారం అన్నీ ఒకే టీ రంగులో ఉంటే కావాలని పాతదానిలా కనిపించేలా చేశారని అనుమానించాల్సిందే. పట్టు అంచు కొత్తగా ఉందని మాత్రం కొట్టిపారేయకండి, పాతది చిరిగితే మార్చడం అక్కడ మామూలే.

దాచేటప్పుడు చుట్టకుండా పరిచి పెట్టడమే మేలు. చోటు లేకపోతే లావుపాటి గొట్టానికి శుభ్రమైన నూలుగుడ్డ చుట్టి, దాని మీద వదులుగా చుట్టండి. మన కోస్తా ఉక్కకి బూజు తొందరగా పడుతుంది, కాబట్టి బయటిగోడకి వేలాడదీయకండి, ఎండ తగలనివ్వకండి, కలరా ఉండలు పటానికి తగిలేలా పెట్టకండి. ఫ్రేము కావాలంటే అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉండాలి, పట్టు అంచు మొత్తం లోపలే ఉండాలి, ఎక్కడా జిగురు వాడకూడదు. షాపువాడికి ఇది కాగితం మీద రాసివ్వండి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పటం పురావస్తువు, దాన్ని రిజిస్టర్ చేయించాలి. అమెరికాలో ఉన్న పిల్లలకి సూట్‌కేసులో పెట్టి పంపిద్దాం అనుకుంటే అది నేరమవుతుంది. నేపాల్‌లో కొన్న కొత్త థంకాకైనా అక్కడి పురావస్తు శాఖ నుంచి పాతది కాదన్న కాగితం తీసుకుంటే ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఉండదు.

చిరిగినా, రంగు రాలుతున్నా ఇన్‌టాక్ (వారసత్వ సంపదని కాపాడే సంస్థ) లాంటి సంస్థల కన్జర్వేషన్ కేంద్రాలని, అంటే పాత వస్తువులని బాగుచేసి కాపాడే చోట్లని, అడగండి, మీరే సూదీ దారం పట్టుకోవద్దు. మా తార ఇంకా ఆ ప్లైవుడ్ మీదే ఉంది. పటాన్ని లాగకుండా, వెనక నుంచి చెక్కనే కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ రావాలని, నెలలు పడుతుందని ఒక కన్జర్వేటర్ చెప్పారు. ఆ మూడు అక్షరాలు జిగురు కింద మిగిలి ఉన్నాయో లేదో అప్పుడు గానీ తెలియదు.