చైనా పటం చదవడం, 4వ పాఠం: పేరును తోక నుంచి పట్టుకోండి

ముందుగా, షాన్‌శీ రాష్ట్రం పేరుకు అర్థం చెప్పమన్న గత పాఠపు అభ్యాసానికి జవాబు. షాన్ అంటే కొండ, శీ అంటే పడమర. షాన్‌శీ అంటే కొండకు పడమటి సీమ. ఆ కొండ తైహాంగ్ పర్వతశ్రేణి. ఇవాళ ఆ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న బొగ్గు నగరం దాతోంగ్‌ను చదువుదాం.

పటంలో ‘దాతోంగ్ షి’ అని ఉంటుంది. (పడమరకు ‘శీ’, దీనికి ‘షి’ అని రాస్తున్నాను. రెండూ వేరు మాటలు, కలిపేయకండి.) నిఘంటువు చూస్తే షి అంటే నగరం. నేర్చుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే, నేనూ పడ్డాను. ఈ ‘నగరం’ విస్తీర్ణం దాదాపు 14 వేల చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా కంటే కాస్త చిన్నది, అంతే. 2020 జనగణన ప్రకారం జనం 31 లక్షలు. అందులో పొలాలు, కొండలు, కొండ చరియకు అతికించినట్టున్న వేలాడే ఆలయం కూడా ఉన్నాయి. కాబట్టి ఈ స్థాయి షి కనిపిస్తే మనసులో ‘జిల్లా’ అని చదువుకోండి.

ఇప్పుడు దాని లోపలి పేర్ల తోకలు చూడండి. ‘చ్యూ’ అని ఉంటే నగరానికి చేరిన భాగం. ‘శియెన్’ అని ఉంటే పల్లెలు ఎక్కువగా ఉన్న తాలూకా లాంటిది. దాతోంగ్‌లో చ్యూలు 4, శియెన్లు 6. వేలాడే ఆలయం ఉన్నది హున్‌యువాన్ శియెన్‌లో. మిగతా శియెన్లను మీరే వెతుక్కోండి, కష్టం కాదు.

అసలు పాఠం ఇక్కడుంది. 2018కి ముందు అచ్చయిన పటం దొరికితే కొత్తదాని పక్కన పెట్టండి. పాత పటంలో చెంగ్ చ్యూ, నాన్‌జియావ్ చ్యూ, క్వాంగ్ చ్యూ ఉంటాయి. చెంగ్ అంటే కోట ఉన్న ఊరు, నాన్‌జియావ్ అంటే దక్షిణపు శివారు, క్వాంగ్ అంటే గని. ముసుగులేని పేర్లు. గని చ్యూ ఒకే ముక్కగా కూడా ఉండేది కాదు. గనీ, కార్మికుల కాలనీలూ ఎక్కడుంటే అక్కడ, శివారు చ్యూ మధ్యలో తునకలు తునకలుగా ఉండేది. పటం మీద ఇలాంటి తునకలు కనిపిస్తే, సరిహద్దు గీసింది ఊరి అవసరం కాదు, భూగర్భం అని అనుమానించండి.

కొత్త పటంలో ఈ మూడూ లేవు. పింగ్‌చెంగ్, యున్‌గాంగ్ వచ్చాయి. ఉత్తర వెయ్ రాజులు 398 నుంచి 494 దాకా ఇక్కడి నుంచి ఏలినప్పుడు ఊరి పేరు పింగ్‌చెంగ్. యున్‌గాంగ్ వాళ్ల కాలంలో తొలిచిన బౌద్ధ గుహల పేరు. పటం మీద గని మాయమై బుద్ధుడు మిగిలాడు. యాత్రికులను పిలవడానికి ఇంతకంటే మంచి పేర్లు దొరకవు గానీ, నాకు పాత పేర్లే నిజాయితీగా అనిపిస్తాయి.

ఎందుకంటే నేల మారలేదు. గుహలకు దగ్గర్లోనే జిన్‌హువాగోంగ్ గని ఉంది. బొగ్గు లారీల దుమ్ము విగ్రహాల మీద పేరుకుంటుంటే 1990లలో రహదారినే పక్కకు జరిపారు. గనులు తవ్వి కుంగిన నేల మీద ఇప్పుడు సౌరఫలకాలు పరిచారు. పటంలో తూర్పుకు సాగే రైలు గీత మీద వేలు పెట్టండి. అది దాచిన్ మార్గం: దాతోంగ్ నుంచి ‘దా’, సముద్ర తీరపు చిన్‌హువాంగ్‌దావ్ నుంచి ‘చిన్’. పొడవు 653 కిలోమీటర్లు. ఒక్కో పెద్ద రైలు 20 వేల టన్నుల బొగ్గు లాగుతుంది. పేర్లు బొగ్గును దాచినా రైలు గీతలు దాచలేవు.

అభ్యాసం: హెబెయ్ రాష్ట్రంలో తాంగ్‌షాన్ షి తెరవండి. అదీ బొగ్గు ఊరే. అందులో లూబెయ్ చ్యూ, లూనాన్ చ్యూ పక్కపక్కనే ఉన్నాయి. బెయ్ అంటే ఉత్తరం, నాన్ అంటే దక్షిణం. లూ అంటే దారి. ఆ దారి ఏదో చెప్పండి. సూచన: బొగ్గు మోయడానికి 1881లో అక్కడ మొదలైనదాన్ని వెతకండి.