చిల్ల పట్టిన మెట్ట బీడును సాగులోకి తేవడం: మొదటి ఏడాది పనులు

ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం వైపు మెట్టల్లో పట్టా చేతికొచ్చినా బీడుగా పడివున్న చెక్కలు చాలానే ఉన్నాయి. ఇలాంటి నేల నుంచి మొదటి ఏడాది డబ్బులు ఆశించకండి. చిల్లను, అంటే సర్కారు తుమ్మను, మళ్లీ లేవకుండా తీయాలి, పడిన వాన చేలోనే ఆగాలి. పంట ఆ తర్వాతి సంగతి.

ముందు హద్దులు. ఎఫ్‌ఎంబీ పటంతో (సర్వే నంబరు కొలతలున్న రెవెన్యూ పటం) సర్వేయర్ చేత కొలిపించి, పక్క చేలవాళ్లు చూస్తుండగానే మూలల్లో రాళ్లు పాతించండి. కంప కొట్టాక గొడవొస్తే ఆ కూలీ డబ్బులు పోయినట్టే.

చిల్లచెట్టును నేలమట్టానికి నరికితే ఏం లాభం లేదు. ఒక్క వానకే మోడు చుట్టూ పిలకలు గుంపుగా లేస్తాయి. పిలకలేసే మొగ్గలు మాను మొదట్లో, నేల కింద సుమారు అడుగు లోతు దాకా ఉంటాయి. ఆ ముక్క మొత్తం పైకి రావాలి. అంతకంటే కింద వేరు తెగి మిగిలినా ఫరవాలేదు. మోడుకు నిప్పు పెట్టినా పైభాగమే కాలుతుంది, మొగ్గలు బతికే ఉంటాయి. చిన్నవాటికి గునపం చాలు, లావువాటికి జేసీబీ కావాలి. డ్రైవర్‌కు ముందే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది: చెట్టు మొదలు వరకే తవ్వాలి, బకెట్‌తో చేను మొత్తం చెక్కకూడదు. ఈ ఎర్రనేలల్లో పైమట్టి చాలాచోట్ల జానెడే, కిందంతా గరప, అంటే గులకరాళ్ల మట్టి. గరప పైకొచ్చిందంటే ఏళ్ల తరబడి ఎంత ఎరువు తోలినా పైరు గిడసబారుతుంది. మొద్దులు బొగ్గు బట్టీలవాళ్లకు అమ్మితే బాడుగలో కొంత తిరిగొస్తుంది. ట్రాక్టర్ దిగేలోపు ముళ్లకంప ఊడ్చి తీయించండి, లేదంటే టైర్లు పంక్చరవుతాయి. మొదటి దుక్కికి రోటవేటర్ అసలు వద్దు. మిగిలిన వేరుమొద్దులు తగిలి బ్లేళ్లు విరుగుతాయి. గొర్రుతో వాలుకు అడ్డంగా రెండుసార్లు దున్నితే చాలు.

గట్లు కూడా వాలుకు అడ్డంగానే వేయాలి. ఎకరం మీద 10 మి.మీ. వాన పడితే అది 40 వేల లీటర్లు. పల్లపు మూలలో పైన 10 మీటర్ల చదరం, అడుగున 4 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతున కుంట తవ్వితే 1.56 లక్షల లీటర్లు పడుతుంది. నీళ్లు దిగేచోట చిన్న పూడిక గుంట, ఎదురుగా ఎక్కువైన నీళ్లు పోయేందుకు రాళ్లు పేర్చిన అలుగు తప్పనిసరి. అలుగు లేని కుంట గట్టు తుపాను వానకు తెగుతుంది. గరపలో నీళ్లు ఇంకిపోతాయి కాబట్టి చెరువు బంకమట్టిని అడుగున పరిచి దిమ్మిసా కొట్టండి.

ఎరువుకు గొర్రెల మంద కట్టించడం మంచిదే, కానీ వేసవిలో చిల్లకాయలు తిన్న మంద పెంటికల్లో గింజలు చెడకుండా దిగుతాయి. తీసిన చిల్ల మళ్లీ చేలోకి వచ్చేది ఎక్కువగా ఇలాగే. మంద ఎక్కడ మేసిందో కాపరిని అడగండి. ఎలాగూ మంద పెట్టారంటే మొదటి వానకు విత్తకండి. మొలకలు లేచాక గుంటక తోలి, తర్వాతి పదునుకు విత్తండి.

మనకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాల్లోనివే. అందుకని మొదటి ఏడాదికి సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉలవ విత్తడమే మేలు: ఎకరాకు 8 నుంచి 10 కిలోలు. పేదనేలకు ఓర్చుకుంటుంది, నేలను కప్పుతుంది, పశువులకు మేతా దొరుకుతుంది. కందికి తొందరపడకండి, కొండల అంచున అడవిపందులు దాన్ని మిగలనివ్వవు. పొలం చుట్టూ చిల్లకంప కంచె వేయాలనిపిస్తుంది. కాయలున్న కొమ్మలు ఏరేయకపోతే కంచె కిందే మొలకలు లేస్తాయి. వావిలి కొమ్మలు, కిత్తనార పిలకలు నాటుకుంటే మేకలు ముట్టవు.

చేలోనే పాక వేసుకుని ఉండేవాళ్లు బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా తాగకూడదు. కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు వంటకూ వద్దు. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఉలవ పీకాక చేలో ఒకసారి నడవండి. చుట్టూ ఎండిన నేలలో పచ్చగా కనిపించేవి చాలావరకు చిల్ల పిలకలే. కాయ పట్టకముందే, గునపంతో, మొదలంటా తీసేయండి.